పీటల కోసం కొన్న వేన్నీళ్ళ తొట్టి

ఇటు జరుగమ్మా. ఆ ఫ్యాను చప్పుడులో నా మాట నీదాకా రాదు. ఇంకాస్త దగ్గరికి రా, నా మోకాలికి ఆనుకుని కూర్చో. మా రెంటచింతలలో వేన్నీళ్ళ తొట్టి కొన్నవాళ్ళం మేమొక్కళ్ళమే. ఎండాకాలం వార్తల్లో మా ఊరి పేరు చదువుతారు చూడు, ఇవాళ అన్నిచోట్ల కంటే ఇక్కడే ఎక్కువ ఎండ కాసిందని. అలాంటి ఊళ్ళో వేన్నీళ్ళు కొనుక్కున్నామని జనం నవ్వారు. నవ్వనీ. ఎందుకు కొన్నామో, కొన్నది ఎలా పాడైందో, ఆ తర్వాత ఏం జరిగిందో మొదటి నుంచీ చెబుతాను. మధ్యలో నేను పక్కదారి పడితే మోచేత్తో ఒక్కటి పొడువు.

నా పెద్ద కోడలు రాజేశ్వరి. మా ఆంజనేయులు భార్య. ఆమెకు కాళ్ళలో ఒక జబ్బు ఉంది. చూడడానికి ఏమీ కనబడదు. వాపు లేదు, పుండు లేదు. పగలంతా మిరపచేలో కూలీలతో సమానంగా తిరుగుతుంది. దీపాలు పెట్టే వేళ అయ్యేసరికి మాత్రం, ఎక్కడైనా కూర్చుందంటే చాలు, పిక్కల లోపల చీమలు బారు కట్టి పోతున్నట్టు ఉంటుందట. కాలు కదిపితే తగ్గుతుంది, ఆపితే మళ్ళీ మొదలు. అందుకని కదుపుతూనే ఉంటుంది. అన్నం నిలబడి తింటుంది. టీవీ నడుస్తూ చూస్తుంది. వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకు ఆమె మట్టెల చప్పుడు వింటూ వింటూ నాకూ ఒకచోట కుదురు లేకుండా పోయింది. పడుకుంటే ఆమె నడకే, లేస్తే ఆమె నడకే.

నరసరావుపేట డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. ఒంట్లో ఇనుము తక్కువుందని మాత్రలు రాసింది. సాయంత్రాలు నడుం దాకా వెచ్చటి నీళ్ళలో కూర్చోమంది. మేం బకెట్టులో కాళ్ళు పెట్టించాం. బకెట్టు పిక్కల దాకానే కదా. తొడల్లో గుంజుడు అలాగే ఉండేది.

ఇలా ఉండగా మా మనవరాలు భవ్యకు సంబంధం కుదిరింది. నూజెండ్ల వాళ్ళు. భవ్య గుంటూరులో ఒక ఆసుపత్రిలో విరిగిన కాళ్ళకూ చేతులకూ కసరత్తులు చేయించే ఉద్యోగం చేస్తుంది. పిల్లవాడు నెమ్మదస్తుడు. అతని మేనత్తే కొంచెం నోరున్న మనిషి. నిశ్చితార్థం సాయంత్రం పెట్టుకున్నారు. పంతులుగారు లగ్నపత్రిక చదువుతుంటే రాజేశ్వరి లేచింది. కాసేపటికి కూర్చుంది. తాంబూలాలు మార్చుకునేటప్పుడు మళ్ళీ లేచింది.

"ఏందమ్మా, పిల్లనియ్యటం ఇష్టం లేదా ఏంది? నిప్పుల మీద కూచున్నట్టు లేచిపోతన్నావు" అంది మేనత్త.

నవ్వుతూ అంది కాబట్టి మేమూ నవ్వాల్సి వచ్చింది. రాజేశ్వరి మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

వాళ్ళు వెళ్ళిపోయాక గిన్నెలు సర్దుతూ నా చిన్న కోడలు కోటమ్మ ఒక మాట అంది. కోటమ్మ మనసు మంచిది. మాటే మనసు కంటే ముందు పరుగెత్తుతుంది.

"అక్కా, నువ్వేం దిగులు పడమాక. ముహూర్తం కూడా దీపాలు పెట్టే వేళకే పెట్టారు గదా. పీటల మీద నేనూ మీ మరిదీ కూచుంటాంలే. కన్యాదానం ఎవురు చేస్తే ఏంది, మన భవ్యే గదా."

మాలో అలా కూర్చోవడం లేనిదేమీ కాదు. తల్లికో తండ్రికో కుదరకపోతే బాబాయీ పిన్నీ పీటల మీద కూర్చుని పిల్లనిస్తారు. అందులో తప్పు లేదు. కానీ రాజేశ్వరి కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడుగుతూ ఉండిపోయింది. కోటమ్మ ఇంటికి పోయాక నా దగ్గరికి వచ్చింది. నిలబడలేదు, నా మంచం చుట్టూ తిరుగుతూనే మాట్లాడింది.

"అత్తా, కోటమ్మ ప్రేమతోనే అందిలే, నాకు తెలుసు. కానీ ధార నేనే పొయ్యాల. నా బిడ్డ చెయ్యి ఇంకొకళ్ళు పట్టిస్తంటే, నేను పందిట్లో బొంగరం మాదిరి తిరగతా చూడాల్నా?"

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నాగార్జున సాగర్ కట్టేటప్పుడు మా అమ్మ రాళ్ళు మోసింది. సాయంత్రం కాళ్ళు లాగుతుంటే కృష్ణ ఒడ్డున, పగలంతా ఎండకు కాగిన ఇసుకలో నడుం దాకా పూడ్చుకుని కూర్చునేది. ఇసుక మీద పోసే పని నాది. వేడి తగలగానే మా అమ్మ ముఖం ఎంత నెమ్మదించేదో ఇప్పటికీ కళ్ళకు కనబడుతుంది. ఆ ఇసుక ఇప్పుడెక్కడుంది, అదీ పోయింది. చూశావా, పొడవమన్నానా, పొడవలేదు.

ఈ సంగతంతా భవ్యకు ఫోనులో చెబితే, ఆ పిల్లే తొట్టి మాట ఎత్తింది.

"నాయనమ్మా, మా హాస్పిటల్లో కాళ్ళు పట్టేసినోళ్ళని వేన్నీళ్ళ తొట్టిలో కూచోబెడతారు. ఇళ్ళల్లో పెట్టుకునేయి కూడా అమ్ముతన్నారు, హాట్ టబ్ అంటారు. నీళ్ళు పక్కల నుంచి తోసుకొచ్చి పిసికినట్టు ఉంటయి. అమ్మకి బాగా పనికొచ్చిద్ది."

ఆంజనేయులుకు చెబితే తువ్వాలు భుజం మీద నుంచి తీసి దులిపాడు. కోపం వచ్చినా నవ్వు వచ్చినా వాడు చేసే పని అదే.

"మన ఊళ్ళో వేన్నీళ్ళు కొనుక్కోవటం ఏందమ్మా. మేడ మీద ట్యాంకు కొళాయి తిప్పితే చెయ్యి బొబ్బలెక్కుతంది. పంచాయతీ కాడ నన్ను జూసి నవ్వుతారు. ఈసారి సర్పంచికి నిలబడదామనుకుంటన్నా నేను."

"నువ్వు నిలబడేది తర్వాత సంగతి. ముందు నీ పెళ్ళాన్ని కూచోబెట్టు" అన్నాను.

మా వీధిలో ఆ మాట కొన్నాళ్ళు తిరిగింది.

గుంటూరులో ఆ తొట్లు అమ్మే షాపుకు నలుగురం వెళ్ళాం. నేను, ఆంజనేయులు, రాజేశ్వరి, భవ్య. అద్దాల షాపు, లోపల చల్లగా ఉంది. అమ్మే అతని పేరు సాల్మన్ రాజు. మెడకు టై కట్టుకుని చాలా మర్యాదగా మాట్లాడాడు. గాలి కొట్టి ఉబ్బించే తొట్టి ఒకటి చూపించాడు. చెక్కతో చేసిన గుండ్రటిది ఒకటి. తెల్లగా నున్నగా, లోపల కుర్చీలు మలిచినవి నాలుగైదు రకాలు. రంగురంగుల దీపాలు వెలిగించాడు. తొట్టిలో నుంచే పాటలు వినిపించాడు. ఆంజనేయులు నోరు తెరిచి చూస్తున్నాడు. నేను చెప్పులు విప్పి, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఒక తొట్టిలోకి దిగి కూర్చున్నాను.

"అమ్మమ్మగారూ, అవి చూడటానికి పెట్టినవండీ" అన్నాడు సాల్మన్ రాజు.

"మంచం కొనేటప్పుడు పడుకోకుండా కొంటామా నాయనా? చెయ్యందియ్యి, ఇంకోదాంట్లో కూర్చుంటా."

అన్నింట్లోనూ కూర్చున్నాను. రాజేశ్వరిని కూర్చోబెట్టాను. గాలి తొట్టి అంచు మెత్తగా ఉంది, పట్టుకుని లేవబోతే వంగిపోయింది. నా మోకాళ్ళకు అది పనికిరాదు. చెక్క తొట్టి చూడముచ్చటగా ఉంది కానీ కూర్చునే బల్ల ఎత్తు, నీళ్ళు తొడల దాకా రావు. తెల్లవాటిలో ఒకదానికి పడుకునే కుర్చీ ఉంది. ఆంజనేయులుకు అదే నచ్చింది, రాజులా ఉందన్నాడు.

"అందులో నీళ్ళు మనిషిని తేల్చేస్తయి నాన్నా. అమ్మ కాళ్ళకి ఆనటానికి ఏదో ఒకటి ఉండాల, లేకపోతే ఇంకా గుంజుతయి" అంది భవ్య.

ఒక మూల లోతైన కుర్చీ, పాదాలు పెట్టేచోట కూడా నీళ్ళు తోసే రంధ్రాలు ఉన్న తొట్టి ఒకటి మిగిలింది. నలుగురు పట్టే చిన్నది. ఎక్కడానికి మెట్లున్నాయి, పట్టుకోవడానికి కడ్డీ ఉంది. మూత మందంగా, పరుపులా ఉంది. కరెంటు పోతే నీళ్ళు చల్లారిపోవా అని అడిగాను. మూత బిగిస్తే పొద్దుటిదాకా వేడి నిలుస్తుందన్నాడు. నీళ్ళు ఎటు పోతాయని అడిగాను. అడుగున కొళాయి చూపించాడు.

"అయితే నింపు. నీళ్ళతో చూడాల" అన్నాను.

"అలా ఎవరూ అడగరండీ."

"గేదెను పిండి చూడకుండా తోలుకుపోతామా? నింపు నాయనా, మాకేం తొందర లేదు."

నిజానికి తొందర మా అందరికంటే నాకే ఎక్కువగా ఉంది. షాపులో నిలబడలేక, కూర్చోలేక, అద్దాల తలుపు దాకా పోయి వస్తూ ఉన్నాను. నింపి వేడెక్కేసరికి బయట వీధి దీపాలు వెలిగాయి. అదీ మంచిదే అయింది. రాజేశ్వరి కాళ్ళు గుంజే వేళ అదే. రాజేశ్వరి భవ్యది చుడీదారు ఒకటి వేసుకుని, ఒంటి మీద చెంబుడు నీళ్ళు పోసుకుని ఆ మూల కుర్చీలో దిగింది. సాల్మన్ రాజు మీట నొక్కి తెర లాగి పక్కకు పోయాడు. నీళ్ళు గుడగుడలాడాయి. మొదట కాళ్ళు కదుపుతూనే ఉంది. తర్వాత చేతులు అంచు మీద పెట్టింది. తర్వాత తల వెనక్కి వాల్చింది.

కాసేపటికి చూస్తే నిద్రపోయింది.

ఆంజనేయులు తెర పక్కకు జరిపి చూశాడు. పెళ్ళాం ముఖాన్ని అలా కదలకుండా చూసి ఎన్నాళ్ళయిందో. సాల్మన్ రాజు వచ్చి షాపు కట్టేసే వేళయిందని మెల్లగా చెప్పబోతే, వాడు వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"లేపమాకండి. ఇదే తీసుకుంటాం" అన్నాడు గుసగుసగా.

తొట్టి ఇంటికి వచ్చింది. మేడ మీద పెడితే బరువుకు స్లాబు ఆగదేమోనని మేస్త్రీ భయపెట్టాడు. పెరట్లో గేదెల చావడి పక్కన నాపరాళ్ళు పరిపించి దాని మీద పెట్టించాం. చుట్టూ తడికలు కట్టాం. బిగించడానికి వచ్చినాయన పోతూ పోతూ గట్టిగా చెప్పాడు. మీ బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, పంచాయతీ కొళాయి నీళ్ళే పోయండి. సబ్బు వద్దు. నూనె వద్దు. ఒళ్ళు కడుక్కునే దిగండి.

ఒకరు కూర్చున్న నీళ్ళలో ఇంకొకరు కూర్చోవడం నాకు మొదట్లో రోతగా ఉండేది. లోపల వడపోసే గొట్టం ఉంది, నీళ్ళకు మందు కూడా వేస్తాం అని భవ్య నచ్చజెప్పింది. సరే, రాజేశ్వరి తర్వాత ఒకరోజు నేనూ దిగాను. ఏం చెప్పమంటావు. వెనక నుంచి నీళ్ళు నడుంలో తోస్తుంటే, చిన్నప్పుడు నాకు తలంటి వీపు రుద్దిన మా అమ్మమ్మ గట్టి అరచేయి మళ్ళీ వచ్చినట్టనిపించింది. మోకాళ్ళు నావి కానట్టు తేలిపోయాయి. తడిక పైనుంచి గేదె మెడ చాచి చూస్తోంది. ఆంజనేయులు మిషను సరిగా ఉందో లేదో చూస్తానని దిగేవాడు. రోజూ చూడాల్సి వచ్చేది.

పక్కింటి ఆరోగ్యమ్మ ఆదివారం గుడి నుంచి వచ్చి తడిక దగ్గర నిలబడింది.

"వదినా, వేడి ఊళ్ళో వేడి తొట్టి ఏందని మా గుళ్ళో అందరూ నవ్వుతన్నారు."

"నువ్వేమన్నా?"

"నేనూ నవ్వా. కాసేపు దిగనిస్తావా?"

దిగింది. ఆ తర్వాత నవ్వలేదు.

రాజేశ్వరి మాత్రం సరదాకు దిగేది కాదు. పరీక్షకు చదివే పిల్లలా దిగేది. తొట్టిలో నుంచి వచ్చి, బట్టలు మార్చుకుని, వసారాలో పీట వేసుకుని కూర్చునేది. పక్కన పీట మీద ఆంజనేయులు. పంతులుగారి బదులు నేను నోటికొచ్చిన పాట ఏదో ఒకటి పాడేదాన్ని. మొదట్లో ఒక పాటకు లేచిపోయేది. తర్వాత రెండు మూడు పాటలు ఆగేది. పెళ్ళి దగ్గర పడేసరికి నా పాటలు అయిపోయి, కూరగాయల పేర్లు కూడా రాగం తీసి పాడాను. ఆంజనేయులు కునికిపాట్లు పడ్డాడు. రాజేశ్వరి కూర్చునే ఉంది.

"తొట్టిలో దిగని రోజున మాత్రం కుదరటం లేదత్తా. కరెంటు పోయిన రోజున చూశావుగా" అంది.

చూశాను. అందుకే పెళ్ళి రోజు సాయంత్రం తొట్టి సిద్ధంగా ఉండాలని అందరికీ మరీ మరీ చెప్పాను.

పెళ్ళికి ముందు రోజు భవ్యను పెళ్ళికూతుర్ని చేశాం. నలుగుపిండి, నువ్వుల నూనె, కుంకుడుకాయ రసం అన్నీ కోటమ్మ చేతి మీదే. పీటల మాట అన్నప్పటి నుంచి ఆ పిల్ల రాజేశ్వరి ఎదుట ముడుచుకుపోయి తిరుగుతోంది. ఏదో ఒకటి చేసి అక్కను సంతోషపెట్టాలని తాపత్రయం. నేను వంటవాళ్ళ దగ్గర గాడిపొయ్యికి చోటు చూపిస్తున్నాను. అప్పుడు కోటమ్మ రాజేశ్వరిని తొట్టి దగ్గరికి తీసుకుపోయి, పెళ్ళికూతురి తల్లివి, నీకూ నలుగు పెట్టాల్సిందేనని, ఒళ్ళంతా నూనె పట్టించి నలుగు రుద్దింది. ఆ నలుగుతోనే తొట్టిలో కూర్చోబెట్టింది.

"నూనె వద్దన్నాడు గదే ఆయన" అందట రాజేశ్వరి.

"అది మిషను నూనె అయ్యుంటదిలే అక్కా. నువ్వుల నూనె ఒంటికి మంచిది. సబ్బుకి బదులు కుంకుళ్ళు పోస్తా, అది సబ్బు కాదుగా" అని గిన్నెడు కుంకుడు రసం తల మీద నుంచి పోసి, మీట నొక్కింది.

గిన్నెడు కుంకుడు రసం, పక్కల నుంచి తోసుకొచ్చే నీళ్ళు. ఆలోచించు. నేను చావడి దగ్గరికి వచ్చేసరికి తడికల పైనుంచి నురుగు పొంగి వస్తోంది. పాలు పొంగినట్టు కాదు, పత్తి కుక్కిన బోరెం బస్తా పగిలినట్టు. లోపల రాజేశ్వరి తల ఒక్కటే కనబడుతోంది. గేదె పలుపు తెంపుకుని వీధిలోకి పరుగు. కోటమ్మ మీటలన్నీ నొక్కుతోంది, నొక్కినప్పుడల్లా నురుగు ఇంకా ఎక్కువవుతోంది. చుట్టాల పిల్లలు నురుగు మీద పడి దొర్లుతున్నారు. నవ్వు ఆపుకోలేక పందిరి గుంజ పట్టుకుని కూలబడ్డాను.

ఆ నవ్వులోనే మిషను ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది.

నవ్వులు కూడా ఆగిపోయాయి. కోటమ్మ చేతులు నలుగుతో పచ్చగా ఉన్నాయి. ఆ చేతులతోనే ముఖం కప్పుకుంది.

మాచర్ల నుంచి షౌకత్‌ను పిలిపించాం. బోరు మోటార్లు బాగుచేస్తాడు, మా ఇంటికి ఎప్పటి నుంచో అలవాటైనవాడు. ఇలాంటి తొట్టిని ముందెప్పుడూ చూడలేదన్నాడు. అయినా విప్పాడు. వడపోసే గొట్టం బయటకు లాగి చూసి, నా వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, దీన్నేమన్నా బజ్జీల పిండిలో ముంచారా?"

"వాగమాక. బాగయిద్దా లేదా?"

నీళ్ళన్నీ వదిలేసి, గొట్టాలు కడిగి, కుస్తీ పట్టి, సాయంత్రానికి పంపు తిరిగేలా చేశాడు. నీళ్ళు తోస్తున్నాయి. వేడి మాత్రం రావడం లేదు.

"వేడిచేసే ముక్క కాలిపోయింది. హైదరాబాదు నుంచి తెప్పించాల. రేపటికి రాదు పెద్దమ్మా. నా చేతిలో లేదు" అన్నాడు.

ఆ రోజు రాజేశ్వరి నడక నీకెలా చెప్పను. పందిట్లో అరటి బోదెలు కడుతున్నవాళ్ళ మధ్య నుంచి, పూలు గుచ్చుతున్న ఆడవాళ్ళ మధ్య నుంచి, అటూ ఇటూ, అటూ ఇటూ. భవ్య చేతుల గోరింటాకు ఆరకుండానే తల్లి వెనక తిరిగింది. నేనూ తిరిగాను. ఇంట్లో ఒక్కళ్ళకూ కుదురు లేదు. కోటమ్మ ఒక మూల నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. రాజేశ్వరి చివరికి ఆమె ముందు ఆగింది.

"కోటీ, రేపు పట్టుచీర కట్టుకుని సిద్ధంగా ఉండు. నా వల్ల కాకపోతే నువ్వే కూచో."

"నేను కూచోనక్కా. నన్నడగమాక" అంది కోటమ్మ. అని ఏడ్చింది.

తెల్లారింది. వైశాఖ మాసం ఎండ. పొద్దెక్కేసరికి పందిరి కింద కూడా గాలి సెగలా తగులుతోంది. పెళ్ళివంట గాడిపొయ్యిల మీద నీళ్ళు కాయిద్దామంటే, వంటమేస్త్రి గరిటె ఎత్తాడు. "పప్పు దించమంటారా, వచ్చే మందికి నీళ్ళు వడ్డిద్దామా?" అన్నాడు. వంటింటి పొయ్యి మీద కాచిన గిన్నెడు నీళ్ళు తొట్టి అడుగుకు కూడా రాలేదు.

ఆంజనేయులు ఉపవాసం మీదున్నాడు. పిల్లనిచ్చే తల్లీ తండ్రీ ఆ రోజు అన్నం ముట్టరు. నూజెండ్ల నుంచి పెళ్ళివారు బయలుదేరారని ఫోను వచ్చేసరికి ముఖం కడుక్కుందామని మేడ కింది కొళాయి తిప్పాడు. తిప్పి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లాక్కుని, కొళాయి వైపు అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా" అని పిలిచాడు. "చెయ్యి బొబ్బలెక్కుతంది."

నాకు వెంటనే అర్థం కాలేదు. వాడు మేడ మీది నల్ల ట్యాంకు వైపు వేలు చూపించాడు. పొద్దున్నించీ ఎండకు కాగుతున్న ట్యాంకు. పక్కింటి ఆరోగ్యమ్మ మేడ మీద ఇంకొకటి. ఊళ్ళో ఎవరి మేడ చూసినా ఒకటి.

ఆ తర్వాత ఎవరు ఎవరికి చెప్పారో తెలియదు. షౌకత్ పెళ్ళి భోజనానికని వచ్చినవాడు చొక్కా విప్పి మేడెక్కాడు. పొలంలో నీళ్ళు పెట్టే పైపులు తెచ్చి మా ట్యాంకు నుంచి తొట్టికి తగిలించాడు. మా ట్యాంకు అయిపోయింది, తొట్టి సగం కూడా నిండలేదు.

"ఆరోగ్యమ్మొదినా, మీ ట్యాంకు" అని కేకేశాను గోడ మీద నుంచి.

"తీసుకో వదినా. ఇయ్యాల మేం చన్నీళ్ళు పోసుకుంటాం, యాడన్నా దొరికితే" అంది.

ఆమె గోడ మీద నుంచి పైపు వచ్చింది. బోరు నీళ్ళే, సున్నం నీళ్ళే. షౌకత్ చెయ్యి పెట్టి చూసి, "ఒక్క పూటకి ఏం కాదులే, రేపొచ్చి నేనే గీకుతా" అన్నాడు. మరీ కాలుతున్నాయని పంచాయతీ కొళాయి నీళ్ళు కలపాల్సి వచ్చింది. మా ఊరి ఎండను అంతవరకు నేను ఎన్ని తిట్లు తిట్టానో, ఆ పూట అన్నీ వెనక్కి తీసుకున్నాను.

పొద్దు వాలుతుండగా, పెళ్ళివారు విడిదిలో దిగిన చప్పుడు వినబడుతుండగా, రాజేశ్వరి తొట్టిలో దిగింది. ఖాళీ కడుపుతో వేడినీళ్ళలో కళ్ళు తిరుగుతాయని, తల మీద తడిగుడ్డ వేసి నిమ్మకాయ నీళ్ళు తాగిస్తూ పక్కనే నిలబడ్డాను. బయట బాజాలు మొదలయ్యాయి. పంతులుగారు తల్లిదండ్రులను తీసుకురమ్మని రెండుసార్లు కబురు పంపారు.

"ఇంకొక్క నిమిషం అత్తా" అంటుంది. "ఇంకొక్క నిమిషం."

ఆమె కాళ్ళు నీళ్ళ అడుగున రాళ్ళలా కదలకుండా ఉన్నాయి. నా కాళ్ళే ఆగడం లేదు.

పీటల మీద కూర్చుంది. దీపాలు వెలిగాయి. పెళ్ళికొడుకు మేనత్త సరిగ్గా ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. పందిట్లో సగం మంది పెళ్ళికొడుకును చూడడం మానేసి మా కోడలి మోకాళ్ళ వైపు చూస్తున్నారు. వినాయకుడి పూజ అయింది. పెళ్ళికొడుకు కాళ్ళు కడగడానికి పళ్ళెం పెట్టారు. రాజేశ్వరి చెంబుతో నీళ్ళు పోసింది, ఆంజనేయులు కడిగాడు. పంతులుగారు ఇరువైపుల గోత్రాలూ తాతముత్తాతల పేర్లూ ఎత్తుకున్నారు. అవి ఎంతకీ అయిపోవు. అప్పుడు చూశాను, రాజేశ్వరి ఎడమకాలి బొటనవేలు కదిలింది. తర్వాత మడమ కదిలింది. మెడ మీద చెమట పట్టింది. ఆంజనేయులు ఓరగా చూశాడు.

నేను లేవబోయాను. నాకంటే ముందు కోటమ్మ కదిలింది.

రాజేశ్వరి వెనక వచ్చి కూర్చుంది, అక్క చీర కుచ్చిళ్ళు సర్దుతున్నట్టు. కొంగు చాటున రెండు చేతులూ ముందుకు పోనిచ్చి, ఆ పిక్కలను గట్టిగా, తొట్టిలో నీళ్ళు తోసినట్టే, పైకీ కిందికీ ఒత్తడం మొదలుపెట్టింది. పెళ్ళికి కట్టుకున్న పట్టుచీర చెమటకు తడిసిపోతోంది. తల వంచుకునే ఉంది. ఎవరైనా చూస్తే కుచ్చిళ్ళు సర్దుతోందనే అనుకుంటారు. ఎంతసేపు సర్దినా కుదరని కుచ్చిళ్ళు.

"ఏమ్మా, ఆ చీర ఇంకా సర్దటం కాలేదా?" అంది మేనత్త.

"కొత్త చీర పిన్నిగారూ, జారతంది" అంది కోటమ్మ, తల ఎత్తకుండా.

పంతులుగారు భవ్య చేతిని పిల్లవాడి చేతిలో పెట్టించారు. రాజేశ్వరి చెంబు అందుకుంది. ధార పోసింది. సన్నటి ధార, ఎక్కడా తెగలేదు, వణకలేదు. ఆంజనేయులు గొంతే వణికింది. భవ్య తల్లి ముఖంలోకి చూసింది. తల్లి అక్కడే ఉంది, కూర్చునే ఉంది.

ఆ పని కాగానే రాజేశ్వరి లేచింది. లేచి నడిచింది. పందిరి చుట్టూ, కుర్చీల మధ్య నుంచి, వంటల దగ్గరి నుంచి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ నవ్వు ముఖం చూపిస్తూ, కన్నీళ్ళు తుడుచుకుంటూ, ఎంత తిరిగిందో. ఇక ఎంత తిరిగినా ఆమె ఇష్టం. కోటమ్మ మాత్రం అక్కడే ఖాళీ పీట వెనక కూర్చుని వేళ్ళు విరుచుకుంటోంది, అవి పట్టేసి ముడుచుకోవడం లేదు. నేను పోయి ఆ చేతులు నా ఒళ్ళో పెట్టుకుని ఒత్తాను.

మరునాడు పొద్దున పెళ్ళివారు ప్రయాణమవుతుంటే మేనత్త నన్ను పక్కకు పిలిచింది. మోకాలు చూపించింది.

"ఆ తొట్టి యాడ కొన్నారొదినా? మిమ్మల్ని జూసి నవ్వుకున్నాంలే. ఒక్కసారి నన్ను దిగనియ్యవా, బస్సుకి ఇంకా టైమ్ ఉంది."

దిగనిచ్చాను. నీళ్ళు అప్పటికి చల్లారాయి. ఏం కాదు, ఎండ వచ్చాక మళ్ళీ కాగుతాయన్నాను. బస్సు పోయింది, ఆమె మధ్యాహ్నం దాకా ఉండిపోయింది. ఇప్పుడు వేడిచేసే కొత్త ముక్క వచ్చింది. రాజేశ్వరి రోజూ దిగుతుంది. అయినా ఆమె నడక పూర్తిగా పోలేదు. ఇప్పుడు కూడా విను, వసారాలో మట్టెలు. కోటమ్మ రోజూ సాయంత్రం వస్తుంది, తొట్టి పక్కన మెట్టు మీద కూర్చుంటుంది, ఇద్దరూ మిరప ధర నుంచి మొగుళ్ళ దాకా మాట్లాడుకుంటారు.

నువ్వు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలమ్మా. నేను పోయాక ఇది చెప్పేవాళ్ళు నురుగు గురించి చెబుతారు, గేదె పారిపోయిన సంగతి చెబుతారు, చెప్పి నవ్వించి వదిలేస్తారు. నవ్వించు, నువ్వూ నవ్వించు. కానీ అక్కడ ఆపేయవద్దు. మేడల మీద ట్యాంకులు ఖాళీ చేసిన సంగతి చెప్పు. కొంగు చాటున ఆ చేతుల సంగతి తప్పకుండా చెప్పు. మీ ఇంట్లో ఎవరైనా పీటల మీద కూర్చునే రోజు వస్తే, కూర్చోకముందే చెప్పు.